నలభై శాతం అంటే ఎన్ని ఫారాలు? పాత లాప్‌టాప్‌లో బ్యాటరీ లెక్క

బ్యాటరీ బొమ్మ పక్కన నలభై శాతం అని ఉంటే దానికి మూడు అర్థాలు ఉండొచ్చు. కొత్త బ్యాటరీ అయితే ఇంకో రెండున్నర గంటలు వస్తుంది. అరిగిన బ్యాటరీ అయితే గంటన్నర. అదే అరిగిన బ్యాటరీ మీద బ్రౌజర్లో బరువైన పేజీలు తెరిచి, స్క్రీన్ వెలుగు పూర్తిగా పెంచి, ఫోను కూడా దానికే తగిలిస్తే ముప్పావుగంట. మూడుసార్లూ బొమ్మ ఒకటే, అంకె ఒకటే. అందుకని శాతం చూసి పని ఒప్పుకోవద్దు. బ్యాటరీ ఇప్పుడు మొత్తం ఎంత పట్టగలదు, మెషిన్ ఈ నిమిషంలో ఎంత లాగుతోంది, ఈ రెండూ చూసి ఒప్పుకోండి. విండోస్ బదులు వాడే ఉచిత సిస్టమ్ లినక్స్‌లో ఈ అంకెలు ఎప్పుడూ మన చేతికి అందేచోటే ఉంటాయి. వాటిని ఎలా చదవాలో, ఎలా రాసిపెట్టుకోవాలో చెబుతాను.

నాకు ఒడిశాలో, గజపతి జిల్లా పర్లాకిమిడిలో ఆన్‌లైన్ షాపు ఉంది. షాపులో ఇన్వర్టర్ ఉంటుంది కాబట్టి బ్యాటరీ గురించి ఆలోచించే పని లేదు. ఆలోచన అంతా గుమ్మ, నువాగడ, ఆర్ ఉదయగిరి వైపు సంతలకి లాప్‌టాప్ పట్టుకెళ్ళినప్పుడే. టీ కొట్టు అరుగు మీద చోటు అడిగి కూర్చుంటాం. కరెంటు ఉంటే ఉంది, లేకపోతే లేదు. సవర పల్లెల నుంచి ఆడవాళ్ళు పిల్లల్ని చంకనెత్తుకుని కొండ దిగి వస్తారు. కుల, ఆదాయ, నివాస సర్టిఫికెట్లకి ఈ-డిస్ట్రిక్ట్‌లో దరఖాస్తులు, పదో తరగతి పాసైన పిల్లలకి ప్లస్ టూ సీటు కోసం శామ్స్ (ఒడిశా అడ్మిషన్ల సైటు) ఫారాలు, 2024 సెప్టెంబరులో ఆడవాళ్ళకి డబ్బులిచ్చే సుభద్ర పథకం మొదలయ్యాక దాని పనులు. ఫారం సగంలో ఉండగా, ఓటీపీ వచ్చిన నిమిషంలో లాప్‌టాప్ ఆగిపోయిందంటే ఆ తల్లి వచ్చే సంత దాకా ఆగాలి, ఇంకో రోజు కూలి వదులుకోవాలి. మా దగ్గర పనిచేసే అబ్బాయి "అక్కా, నలభై ఉంది కదా, ఇంకో ఇద్దరిని కూర్చోబెట్టమంటావా?" అని అడుగుతాడు. ఆ జవాబు ధైర్యం మీద కాదు, లెక్క మీద చెప్పాలి.

ముందు ఒక చిన్న ఒప్పందం. టెర్మినల్లో, అంటే ఆదేశాలు టైపు చేసే కిటికీలో, కొట్టాల్సినవి ఇక్కడ తెలుగులో, పలికినట్టే రాస్తున్నాను. ఫోన్లో మా వాళ్ళకి చెప్పేది కూడా ఇలాగే. మీరు కొట్టేటప్పుడు అన్నీ ఇంగ్లీషు చిన్నక్షరాలు. పెద్దక్షరాలు కావాల్సిన చోట విడిగా చెబుతాను. గీతలు, చుక్కలు, అంకెలు ఇక్కడ ఉన్నవి ఉన్నట్టే కొట్టండి.

మా మెషిన్ సెకండ్ హ్యాండ్‌ది, నాలుగు జీబీ ర్యామ్. దాని మీద ఎంఎక్స్ లినక్స్, ఎక్స్ఎఫ్‌సీఈ డెస్క్‌టాప్. విండోస్ 10కి ఉచిత సపోర్టు 2025 అక్టోబరు 14తో ఆగిపోయాక ఇలాంటి పాత లాప్‌టాప్‌లు చాలా ఇళ్ళలో లినక్స్ వైపు వస్తున్నాయి. లుబుంటు కానీ, యాంటిఎక్స్ కానీ, పప్పీ కానీ, మీది ఏదైనా సరే, కింద చెప్పే అసలు విషయం మారదు. ఎందుకంటే ఆ అంకెలు ఇచ్చేది డెస్క్‌టాప్ కాదు, కెర్నల్, అంటే లినక్స్ లోపలి మూల భాగం.

కెర్నల్ బ్యాటరీ సంగతులన్నీ ఒక ఫోల్డర్లో పెడుతుంది. దాని దారి ఇది:

/సిస్/క్లాస్/పవర్_సప్లై/

సిస్ అంటే ఎస్, వై, ఎస్ అక్షరాలు. టెర్మినల్ తెరిచి "ఎల్ఎస్" అని కొట్టి, ఖాళీ ఇచ్చి, ఈ దారి రాసి ఎంటర్ కొట్టండి. రెండు మూడు పేర్లు కనిపిస్తాయి. బ్యాట్0 లేదా బ్యాట్1 అని ఉన్నది బ్యాటరీ. ఇందులో మూడక్షరాలూ పెద్దక్షరాలే. ఏసీ అనో, ఏడీపీ1 అనో ఉన్నది చార్జర్, ఇవీ పెద్దక్షరాలే. చార్జర్ ఫోల్డర్లో "ఆన్‌లైన్" అనే ఫైలు ఉంటుంది. అందులో 1 ఉంటే కరెంటు అందుతోంది, 0 ఉంటే అందడం లేదు. సంతలో ఎక్స్‌టెన్షన్ బోర్డు వదులుగా ఉండి, ప్లగ్గు పెట్టినట్టే కనిపిస్తూ కరెంటు రాకపోవడం మామూలే. అప్పుడు ఈ ఒక్క అంకె చూస్తే చాలు.

బ్యాటరీ ఫోల్డర్లో ఉన్నవన్నీ ఒకేసారి చూడాలంటే:

క్యాట్ /సిస్/క్లాస్/పవర్_సప్లై/బ్యాట్0/యూఈవెంట్

క్యాట్ అంటే సీ, ఏ, టీ. యూఈవెంట్ మధ్యలో ఖాళీ లేదు. ఒక చిట్టా పడుతుంది. అందులో కొన్ని లాప్‌టాప్‌లు "ఎనర్జీ" అనే పేరుతో లెక్క చెబుతాయి, కొన్ని "చార్జ్" అనే పేరుతో. మొదట మీది ఏదో చూసుకోండి. చాలామంది తికమక పడేది ఇక్కడే.

ఎనర్జీ రకం అయితే మీకు కావాల్సినవి నాలుగు. ఎనర్జీ_ఫుల్_డిజైన్ అంటే కంపెనీలో తయారైనప్పుడు బ్యాటరీ ఎంత పట్టాలో ఆ అంకె. ఎనర్జీ_ఫుల్ అంటే ఇప్పుడు నిండా చార్జి చేస్తే ఎంత పడుతోందో అది. ఎనర్జీ_నౌ అంటే ఈ క్షణంలో లోపల మిగిలింది. పవర్_నౌ అంటే ఈ క్షణంలో ఖర్చవుతున్న వేగం. మొదటి మూడూ మైక్రో వాట్-అవర్లలో, చివరిది మైక్రో వాట్లలో ఉంటాయి. కుడివైపు నుంచి ఆరు అంకెలు లెక్కపెట్టి అక్కడ చుక్క పెడితే మామూలు వాట్-అవర్లు, వాట్లు అవుతాయి.

మా పాత బ్యాటరీ అంకెలతోనే చూద్దాం. డిజైన్ 47520000, అంటే 47.5 వాట్-అవర్లు. ఇప్పటి ఫుల్ 28500000, అంటే 28.5. రెండోదాన్ని మొదటిదానితో భాగిస్తే 0.6 వస్తుంది. బ్యాటరీ ఆరోగ్యం అరవై శాతం అన్నమాట. కానీ చార్జింగ్ నిండగానే బొమ్మ మీద నూరు శాతం అనే పడుతుంది. ఎందుకంటే ఆ శాతాన్ని కొత్తప్పటి 47.5తో కాదు, ఇప్పటి 28.5తో పోల్చి చూపిస్తారు. చుట్టూ మట్టి పేరుకుపోయిన బావిలో నీళ్ళు అంచు దాకా ఉన్నట్టే ఇదీ, నిండుగానే కనిపిస్తుంది కానీ తోడితే తొందరగా అడుగంటుతుంది.

ఇప్పుడు నలభై శాతం సంగతి. 28.5లో నలభై శాతం 11.4 వాట్-అవర్లు. పవర్_నౌ 7.6 వాట్లు చూపిస్తుంటే 11.4ని 7.6తో భాగించాలి, గంటన్నర వస్తుంది. అదే పవర్_నౌ 15.2 చూపిస్తుంటే ముప్పావుగంట. బ్యాటరీ కొత్తగా ఉండి ఉంటే 47.5లో నలభై శాతం 19, దాన్ని 7.6తో భాగిస్తే రెండున్నర గంటలు. ఒక ఫారానికి, పత్రాల ఫొటోలు తీసి సైజు తగ్గించి ఎక్కించడంతో కలిపి పావుగంట వేసుకోండి. గంటన్నరకి ఆరు ఫారాలు, ముప్పావుగంటకి మూడే. నేనైతే చివరి ఫారం సమయం లెక్కలోంచి తీసేసి, మిగిలినవాటికే మాట ఇస్తాను. సర్వర్ నెమ్మదిగా ఉన్న రోజున ఒక్క ఓటీపీకే పది నిమిషాలు పోవచ్చు.

చార్జ్ రకం అయితే పేర్లు చార్జ్_ఫుల్_డిజైన్, చార్జ్_ఫుల్, చార్జ్_నౌ, కరెంట్_నౌ అని ఉంటాయి. ఇవి మైక్రో ఆంపియర్ల లెక్క. గంటలు కట్టడం అదే పద్ధతి: చార్జ్_నౌని కరెంట్_నౌతో భాగించండి. 1800000ని 900000తో భాగిస్తే రెండు గంటలు. వాట్లు కావాలంటే ఆంపియర్లని ఓల్టేజీతో గుణించాలి. ఓల్టేజ్_నౌ ఫైల్లో 11100000 అని ఉంటే 11.1 ఓల్టులు. 0.9 ఆంపియర్లని 11.1తో గుణిస్తే దాదాపు పది వాట్లు.

ఈ వేగం అంకె చూసేటప్పుడు చార్జర్ తీసేసి ఉండాలి. చార్జర్ పెట్టి చూస్తే అదే అంకె బ్యాటరీలోకి కరెంటు ఎక్కే వేగాన్ని చూపిస్తుంది, మనకి కావాల్సింది అది కాదు. చార్జర్ తీసిన వెంటనే కూడా చూడకండి, రెండు నిమిషాలు ఆగండి. కొన్ని పాత మెషిన్లలో పవర్_నౌ అసలు ఉండదు, లేదా ఎప్పుడు చూసినా సున్నాయే. దానికీ దారి ఉంది. ఎనర్జీ_నౌ ఒకసారి కాగితం మీద రాసుకోండి, మీ పని మీరు చేసుకుంటూ పది నిమిషాల తర్వాత మళ్ళీ రాయండి. తేడా 1.5 వాట్-అవర్లు వస్తే ఆరుతో గుణించండి, తొమ్మిది వాట్లు. నిజానికి ఒక్క క్షణం అంకె కన్నా ఈ పది నిమిషాల సగటే నాకు ఎక్కువ నమ్మకం.

ప్రతిసారీ ఇంత దారి కొట్టడం కష్టం కాబట్టి రెండు చిన్న ప్రోగ్రాములు వేసుకోండి. మొదటిది ఏసీపీఐ:

సుడో ఆప్ట్ ఇన్‌స్టాల్ ఏసీపీఐ

సుడో అంటే ఎస్, యూ, డీ, ఓ అక్షరాలు; పాస్‌వర్డ్ అడిగితే ఇవ్వండి. తర్వాత "ఏసీపీఐ -బీ" అని కొడితే ఒక్క లైనులో శాతం, మిగిలిన సమయం వస్తాయి. "ఏసీపీఐ -ఐ" అని కొడితే డిజైన్ ఎంత, చివరిసారి నిండినప్పుడు ఎంత పట్టింది, అది ఎంత శాతమో కూడా చెబుతుంది. చార్జర్ పీకిన మరుక్షణం అడిగితే "సున్నా వేగంతో తగ్గుతోంది, ఎప్పటికీ అయిపోదు" అనే అర్థంలో ఒక ఇంగ్లీషు వాక్యం కూడా పడుతుంటుంది. కంగారు పడక్కర్లేదు, కాస్త ఆగి మళ్ళీ అడగండి.

రెండోది యూపవర్. ఎక్స్ఎఫ్‌సీఈ ఉన్న చాలా సిస్టమ్‌లలో ఇది ముందే ఉంటుంది. "యూపవర్ -డీ" అని కొడితే వివరాలన్నీ పరుస్తుంది. ఎనర్జీ-రేట్ అన్న లైనులో వాట్లు, టైమ్ టు ఎంప్టీ అన్న లైనులో మిగిలిన సమయం. ఇక్కడ ఒక జాగ్రత్త. యూపవర్‌లో "కెపాసిటీ" అంటే బ్యాటరీ ఆరోగ్యం. కెర్నల్ ఫోల్డర్లో అదే పేరున్న ఫైల్లో మాత్రం ఇప్పటి చార్జి శాతం ఉంటుంది. ఒకచోట 60, ఇంకోచోట 95 కనిపిస్తే రెండూ సరైనవే.

మిగిలిన సమయం అన్న లైను గురించి ఒక మాట. అది కాసేపటి కిందటి వేగాన్ని బట్టి కట్టిన అంచనా. ఖాళీగా పెట్టి చూస్తే మూడు గంటలంటుంది, శామ్స్ పేజీ తెరవగానే గంటన్నరకి దిగుతుంది. పని మొదలుపెట్టి పావుగంట అయ్యాక చూసిన అంకెనే లెక్కలోకి తీసుకోండి.

ప్యానెల్ మీద ఎప్పుడూ కనిపించాలనుకుంటే ఎక్స్ఎఫ్‌సీఈలో పవర్ మేనేజర్ ప్లగిన్ పెట్టి, శాతంతో పాటు సమయం కూడా చూపించమని సెట్ చేయండి. అది లేని తేలిక డెస్క్‌టాప్‌లలో సీబ్యాటికాన్ అనే చిన్న ప్రోగ్రాం గడియారం పక్కన కూర్చుంటుంది, మెమరీ చాలా తక్కువ తింటుంది. కాంకీ (సిస్టమ్ అంకెలు డెస్క్‌టాప్ మీద చూపించే ప్రోగ్రాం) వాడేవాళ్ళు దానిలోనే బ్యాటరీ లైను రాసుకోవచ్చు.

ఇక వాట్లు ఎక్కడ పోతున్నాయో పట్టుకోవడం. దీనికి ఒక పూట కేటాయించండి, తర్వాత ఏడాదంతా పనికొస్తుంది. పద్ధతి ఒక్కటే. చార్జర్ తీసేయండి. ఒకే ఒక్కటి మార్చండి. రెండు నిమిషాలు ఆగి వాట్లు రాయండి. ఒకేసారి రెండు మార్చారంటే ఏది ఎంత తిన్నదో తెలియదు. అంకె కళ్ళ ముందే మారుతూ కనపడాలంటే:

వాచ్ -ఎన్ 5 క్యాట్ /సిస్/క్లాస్/పవర్_సప్లై/బ్యాట్0/పవర్_నౌ

ఐదు సెకన్లకోసారి కొత్త అంకె పడుతుంది. ఆపడానికి కంట్రోల్, సీ కలిపి నొక్కండి.

స్క్రీన్ వెలుగుతో మొదలుపెట్టండి. సంతలో ఎండకి ఏమీ కనిపించదని మనం వెలుగు చివరికంటా పెంచేస్తాం. వాట్లు చూస్తూ పెంచితే అది ఎంత ఖర్చో మీకే తెలుస్తుంది. నేను ఎండ వైపు వీపు పెట్టి కూర్చోను, గోడ నీడ స్క్రీన్ మీద పడేలా బల్ల జరుపుతాను. నీడ దొరికితే సగం వెలుగు చాలు.

తర్వాత ఫోను. మా వైపు చాలామంది ఇంటర్నెట్ కోసం ఫోనుని యూఎస్‌బీ వైరుతో లాప్‌టాప్‌కి తగిలిస్తారు. కొండల్లో సిగ్నల్ బలహీనం, వైరైతే నిలకడగా ఉంటుందని. కానీ ఆ వైరు ద్వారా ఫోను చార్జి కూడా ఎక్కించుకుంటుంది. మామూలు యూఎస్‌బీ 2.0 పోర్టు ఐదు ఓల్టుల దగ్గర అర ఆంపియర్ దాకా ఇవ్వగలదు, అంటే రెండున్నర వాట్లు. ఎనిమిది వాట్లతో నడిచే మెషిన్‌కి అదొక పెద్ద భారం. గంటలో పది నిమిషాలకు పైగా మన సమయాన్ని ఫోను తాగేస్తుంది. ఫోనుని పవర్ బ్యాంకుకి పెట్టి, వైఫై హాట్‌స్పాట్ ద్వారా నెట్ తీసుకోండి. వైఫై కూడా కొంత తింటుంది, అది కూడా కొలిచి చూడండి. మా మెషిన్‌లో వైరు కన్నా హాట్‌స్పాటే లాభం. వేలిముద్రల పరికరాన్ని నేను ఎప్పుడూ ఫోనుకే పెడతాను కాబట్టి దాని బరువు లాప్‌టాప్ మీద పడదు. పెన్‌డ్రైవ్ పని అయ్యాక తీసేయండి.

బ్రౌజర్ మూడోది, చాలాసార్లు ఇదే అసలు దొంగ. ఫైర్‌ఫాక్స్ అడ్రస్ గడిలో "అబౌట్:ప్రాసెసెస్" అని కొడితే ఏ ట్యాబ్ ఎంత సీపీయూ వాడుతోందో వరసగా చూపిస్తుంది. కదిలే ప్రకటనలున్న వార్తల పేజీ ఒకటి వెనకాల తెరిచి ఉంటే ఫారం పేజీ కన్నా అదే ఎక్కువ తింటుంది. సంతకి వెళ్ళే ముందే ఫారాలకి మాత్రమే ఒక ప్రొఫైలు పెట్టుకుని అందులో వేరే ఏమీ తెరవకండి.

ఇంకా లోతుగా చూడాలంటే పవర్‌టాప్ ఉంది. "సుడో పవర్‌టాప్" అని బ్యాటరీ మీద ఉన్నప్పుడు నడిపితే పైన డిశ్చార్జి రేటు వాట్లలో, కింద ఏ ప్రోగ్రాం ప్రాసెసర్‌ని ఎన్నిసార్లు లేపుతోందో కనిపిస్తాయి. ట్యాబ్ కీ నొక్కుతూ వెళ్తే ట్యూనబుల్స్ అనే పేజీ వస్తుంది. అక్కడ అన్నిటినీ ఒకేసారి "గుడ్" చేసే ఆటో-ట్యూన్ ఆప్షన్ జోలికి ముందే వెళ్ళకండి. దానివల్ల యూఎస్‌బీ మౌస్ కదపకపోతే నిద్రపోతుంటుంది, ఫారం మధ్యలో విసుగొస్తుంది. ఒక్కొక్కటీ మార్చి, వాట్లు తగ్గితేనే ఉంచండి.

దారిలో మూత వేసి బ్యాగులో పెడితే ఎంత పోతోందో కూడా చూసుకోవాలి. పర్లాకిమిడి నుంచి ఘాటు ఎక్కి వెళ్ళేసరికి నిండు బ్యాటరీ తొంభైకి దిగిందంటే, సస్పెండ్ సరిగా జరగడం లేదని అర్థం. ఈ ఫైలు చదవండి:

క్యాట్ /సిస్/పవర్/మెమ్_స్లీప్

అందులో "డీప్" చుట్టూ చదరపు బ్రాకెట్లు ఉంటే మంచిది. "ఎస్2ఐడిల్" చుట్టూ ఉండి, పక్కన డీప్ కూడా కనిపిస్తుంటే, మీ మెషిన్ గాఢనిద్రకి వెళ్ళగలిగి కూడా తేలిక నిద్రలోనే ఉంటోంది. అది మార్చే తలనొప్పి వద్దనుకుంటే బయల్దేరేటప్పుడు పూర్తిగా షట్‌డౌన్ చేయండి. ఎస్ఎస్‌డీ ఉన్న తేలిక లినక్స్ మళ్ళీ తెరుచుకోవడానికి ఎంతోసేపు పట్టదు. నేను చేసేది ఇదే.

ఇప్పుడు రికార్డు. ఒక్కరోజు అంకె కన్నా నెలల తరబడి రాసిన అంకెలే బ్యాటరీ గుణం చెబుతాయి. దీనికి క్రాన్ వాడదాం, చెప్పిన సమయానికల్లా చెప్పిన పని తనంతట చేసేది అది. "క్రాన్‌ట్యాబ్ -ఈ" అని కొట్టి, తెరుచుకున్న ఫైలు చివర ఈ లైను చేర్చండి:

*/5 * * * * (డేట్; ఏసీపీఐ -బీ) >> /హోమ్/మీ-పేరు/బ్యాటరీ.టీఎక్స్‌టీ

మీ-పేరు ఉన్న చోట మీ లాగిన్ పేరు. ఐదు నిమిషాలకోసారి తేదీ, సమయం, బ్యాటరీ పరిస్థితి ఆ ఫైల్లో చేరుతుంటాయి. మూత వేసి ఉన్నప్పుడు క్రాన్ పనిచేయదు, కాబట్టి సమయాల్లో ఖాళీ కనిపిస్తుంది. ఆ ఖాళీకి ముందు, తర్వాత శాతాలు చూస్తే నిద్రలో ఎంత పోయిందో కూడా అదే చెప్పేస్తుంది.

ఈ ఫైల్లో నేను వెతికేది దూకుడు. నూరు నుంచి నలభై దాకా మెల్లిగా, ఒకే తీరున దిగి, అక్కడి నుంచి ఒక్కసారిగా ఇరవైకో, ఏడుకో పడిపోయిందంటే ఏదో ఒక సెల్లు బలహీనపడింది. లేదా మెషిన్ ఇరవై దగ్గర ఉండగానే ఆగిపోయి, ఫైల్లో చివరి లైను ఇరవై అని మిగిలిపోయిందంటే కూడా అంతే. ఓల్టేజ్_నౌ కూడా గమనించండి. మూడు సెల్లుల వరస ఉన్న బ్యాటరీ నిండినప్పుడు 12.6 ఓల్టుల దగ్గర ఉంటుంది, అంటే సెల్లుకి 4.2. ఖాళీ అయ్యేసరికి తొమ్మిదీ పది మధ్యకి దిగుతుంది. శాతం ఇంకా ముప్పై అంటుండగానే ఓల్టేజీ ఆ చివరికి చేరుకుంటే శాతాన్ని వదిలేసి ఓల్టేజీనే నమ్మండి.

అలాంటి బ్యాటరీతో ఇంకొన్ని నెలలు నడపాలంటే హెచ్చరిక ముందుకు జరపాలి. ఇది చాలామంది చేయరు, కానీ పని మధ్యలో ఆగిపోకుండా కాపాడేది ఇదే. ఎక్స్ఎఫ్‌సీఈ పవర్ మేనేజర్ సెట్టింగుల్లో క్రిటికల్ లెవెల్ అని ఉంటుంది. మీ ఫైలు ప్రకారం మెషిన్ పదిహేను దగ్గర పడిపోతుంటే, దాన్ని ఇరవై రెండుకో ఇరవై ఐదుకో పెంచండి. యూపవర్‌కి తన సొంత హద్దులు కూడా ఉంటాయి. అవి ఈ ఫైల్లో:

/ఈటీసీ/యూపవర్/యూపవర్.కాన్ఫ్

ఇక్కడ యూపవర్ పేరులో యూ, పీ రెండూ పెద్దక్షరాలు. లోపల పర్సెంటేజ్‌లో (చివర ఎల్, ఓ, డబ్ల్యూ), పర్సెంటేజ్‌క్రిటికల్, పర్సెంటేజ్‌యాక్షన్ అని మూడు లైన్లున్నాయి. చివరిదానికి వచ్చే మామూలు విలువ 2. రెండు శాతం దగ్గర కాపాడతానంటే అరిగిన బ్యాటరీ అక్కడిదాకా రానే రాదు. నేను వీటిని 30, 25, 20 చేశాను. పెద్దది నుంచి చిన్నదానికి వరసగా తగ్గాలి, లేకపోతే యూపవర్ మీ అంకెలు పక్కన పెట్టి తన పాతవే వాడుకుంటుంది. క్రిటికల్‌పవర్‌యాక్షన్ అన్న చోట, మీకు హైబర్నేట్‌కి సరిపడా స్వాప్ (ర్యామ్‌లో ఉన్నది దాచడానికి డిస్కులో కేటాయించిన చోటు) లేకపోతే పవర్ఆఫ్ అని రాయండి, ఇందులో పీ, ఓ పెద్దక్షరాలు. మార్చాక ఒకసారి రీస్టార్ట్ చేయండి. సీబ్యాటికాన్ వాడేవాళ్ళు "సీబ్యాటికాన్ -ఎల్ 30 -ఆర్ 22" అని మొదలుపెట్టుకుంటే తక్కువ, మరీ తక్కువ అనే హెచ్చరికలు ఆ అంకెల దగ్గర వస్తాయి.

షాపులో రోజంతా చార్జర్ మీదే ఉండే లాప్‌టాప్‌కి వేరే జబ్బు. లిథియం బ్యాటరీని ఎప్పుడూ నిండుగా, వేడిగా ఉంచితే తొందరగా అరుగుతుంది. వేసవిలో రేకుల కింద ఉండే షాపుల్లో ఇది మరీ ఎక్కువ. థింక్‌ప్యాడ్‌లలో, మరికొన్ని మోడళ్ళలో చార్జింగ్‌ని ఎనభై దగ్గర ఆపే వీలుంది. బ్యాటరీ ఫోల్డర్లో చార్జ్_కంట్రోల్_ఎండ్_థ్రెషోల్డ్ అనే ఫైలు ఉందేమో చూడండి. ఉంటే:

ఎకో 80 | సుడో టీ /సిస్/క్లాస్/పవర్_సప్లై/బ్యాట్0/చార్జ్_కంట్రోల్_ఎండ్_థ్రెషోల్డ్

ఇందులో టీ అంటే టీ, ఈ, ఈ అక్షరాలు. సంతకి వెళ్ళే ముందు రాత్రి 80 బదులు 100 పెట్టండి. ఈ ఫైలు లేని మెషిన్ అయితే షాపు కట్టేటప్పుడు ప్లగ్గు తీసేయడమే దారి. తుపాను హెచ్చరిక వచ్చిన రోజుల్లో మాత్రం ఈ నియమం పక్కన పెట్టి అన్నీ నిండా ఎక్కించండి. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటినప్పుడు మా గజపతి జిల్లా ఎలా అయిపోయిందో ఇక్కడి వాళ్ళెవరికీ చెప్పక్కర్లేదు. అలాంటప్పుడు లాప్‌టాప్ బ్యాటరీ ఇంట్లో ఫోన్లకి చార్జింగ్ ఇచ్చే పెట్టె. అది ఎన్ని వాట్-అవర్లు పడుతుందో ముందే తెలిసి ఉంటే ఏ ఫోనుకి ఎంత ఇవ్వాలో పంచుకోవచ్చు.

టచ్‌ప్యాడ్ పైకి ఉబికినా, కింద మూత సరిగా కూర్చోకపోయినా అంకెలు చూస్తూ కూర్చోకండి. బ్యాటరీ ఉబ్బింది. వెంటనే ఆపేసి, చార్జర్ తీసేసి, నొక్కకుండా, గుచ్చకుండా తెలిసినవాళ్ళ చేత తీయించండి.

ఆరోగ్యం యాభై కిందికి వస్తే, లేదా ఫైల్లో ఆ దూకుళ్ళు తరచూ కనిపిస్తుంటే కొత్త బ్యాటరీ కొనాల్సిందే. బరంపురంలో కొన్నా, విశాఖలో కొన్నా, బిల్లు తీసుకుని, ఇంటికి రాగానే నిండా చార్జి చేసి "ఏసీపీఐ -ఐ" అంకెలు రాసుకోండి. డిజైన్, ఫుల్ దాదాపు సమానంగా ఉండాలి. అది చాలదు. నాసిరకం బ్యాటరీల్లో చిప్ తనకి నచ్చిన అంకె చెబుతుంది, లోపల సెల్లులు అంత పట్టవు. కాబట్టి మొదటి రోజే చార్జర్ తీసేసి, వెలుగు సగంలో పెట్టి, మామూలు పని చేస్తూ చివరిదాకా నడపండి. క్రాన్ ఫైలు చూసి ఎన్ని గంటలు వచ్చిందో లెక్కపెట్టి, సగటు వాట్లతో గుణించండి. నలభై ఎనిమిది వాట్-అవర్లు అని చెప్పిన బ్యాటరీ ఎనిమిది వాట్ల పని మీద మూడు గంటలకే ఆగిపోయిందంటే దాన్లో ఉన్నది ఇరవై నాలుగే. రిటర్న్ గడువు దాటకముందే ఆ ఫైలు ప్రింటు తీసుకుని, బిల్లుతో సహా షాపుకి వెళ్ళండి.